మూత తియ్యని పాతర

ఇటు జరుగు, బంగారూ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. పొద్దున నన్ను చూసి నవ్వావు కదూ, బియ్యం డబ్బాలోకి మోచేతిదాకా చెయ్యి దూరుస్తున్నానని? "పైన కనిపిస్తూనే ఉన్నాయి కదా అమ్మమ్మా, లోపలేం వెతుకుతున్నావు?" అన్నావు. దానికో కథ ఉంది. నిద్రొస్తే నిద్రపో, రాకపోతే ఊఁ కొట్టు.

అనగనగా, జొన్నలు తప్ప ఇంకేమీ పండని ఒక నల్లరేగడి ఊళ్ళో, ఓబులమ్మ అనే ఆవిడ ఉండేది. ఊరి పేరు పాతరదిన్నె. ఊరి పక్కన ఒక మెట్ట, ఆ మెట్ట మీద ఒక పెద్ద పాతర. అందుకే ఊరికి ఆ పేరు.

పాతరంటే నేలలో గొయ్యి తల్లీ. బావంత లోతు తవ్వి, చుట్టూ జొన్నచొప్ప పేర్చి, ఊరందరి జొన్నలూ అందులో పోసి, పైన రాతి మూత పెట్టి మట్టితో మెత్తేవారు. వానకి తడవవు, ఎలుక ముట్టదు. పక్కనే, పాతర బాగోగులు చూసే పాతర పెద్ద అనే ఆయన ఇంటి దొడ్లో, దానికి ఇంకో చిన్న నోరు ఉండేది. రోజువారీ గింజలు పొయ్యడం, తియ్యడం అంతా దాన్నించే.

తూము జొన్నలు పోసినవాళ్ళకి కాల్చిన మట్టి బిళ్ళ ఒకటి ఇచ్చేవారు. బిళ్ళ తెచ్చి చూపిస్తే తూము జొన్నలు తిరిగిచ్చేవారు. ఇందులో చిక్కేమీ లేదు. ఆ తర్వాత జనం ఆ బిళ్ళలతోనే నూనె కొన్నారు, చీరలు కొన్నారు, ఎద్దులు కొన్నారు. బరువు మొయ్యక్కర్లేదు, నడుముకి కట్టుకుంటే చాలు.

మరి ఓబులమ్మ ఎవరంటే, కొలకర్ర ఇంటి ఆడపడుచు. కొలకర్ర అంటే పొడుగాటి వెదురు కర్ర, దానికి తొమ్మిది ఇత్తడి కట్లు. ఏటా మాఘ పున్నమి నాడు పాతర మీది రాతి మూత తీసి, ఆ కర్ర లోపలికి దించి, గింజ ఎంత ఉందో ఊరందరి ముందూ చూడాలి. నిండు పాతరైతే ఒక్క కట్టు మునిగేలోపే కర్ర గింజకి తగిలి ఆగుతుంది. ఎన్ని కట్లు మునిగితే అంత ఖాళీ అన్నమాట. ఆ కర్ర పట్టే పని తరతరాలుగా వాళ్ళ ఇంటిది.

కానీ ఓబులమ్మ ఎప్పుడూ మూత తీసి చూసింది లేదు. ఎందుకంటావా? చెబుతా.

వాళ్ళ అవ్వ చిన్నప్పుడు మూత పూర్తిగా తీసేవారట. పదహారుమంది మగవాళ్ళు చెయ్యేస్తే గానీ అది లేచేది కాదు. అప్పుడొక ఏడు పండగపూట చినుకులు పడ్డాయి. గింజ తడుస్తుందని జానెడు ఎత్తి దించేశారు. ఇంకొక ఏడు ఒకాయన కాలి మీద మూత పడింది. ఆ తర్వాత ఎత్తడమే మానేసి, కర్రని ఊరికే మూతకి తాకించారు. మరికొన్నేళ్ళకి ఎవరో ఆ మూతకి పసుపు పూశారు. ఇంకెవరో వెండి కళ్ళు పెట్టారు. పాతరమ్మ తల్లీ అని దణ్ణం పెట్టుకున్నారు. దేవతని కూచోబెట్టిన చోట ఎవరు కదిలిస్తారు చెప్పు?

నాకు దేవుడంటే ఎంత ఇదో నీకు తెలుసు కదా. అయినా చెబుతున్నా, దణ్ణం పెట్టడం కన్నా మూత ఎత్తడం కష్టం. అందుకని వాళ్ళు దణ్ణమే పెట్టారు.

సరే. ఆ ఏడు వానలు మొగం చాటేశాయి. జొన్న మోకాలెత్తు రాకముందే ఎండిపోయింది. అయినా ఊళ్ళో ఎవరికీ దిగుల్లేదు. ప్రతి ఇంట్లోనూ బిళ్ళల మూట ఉంది. పాతర ఉంది. పైన పాతరమ్మ ఉంది.

ఓబులమ్మకి మాత్రం ఒకచోట కాలు నిలవలేదు. రొట్టె పెనం మీద వేసి వాకిట్లోకి పోయేది. వాకిట్లో నించుని, మళ్ళీ లోపలికొచ్చేది. రొట్టె మాడిపోయేది. ఆమె కూతురు సుంకమ్మ పురిటికొచ్చి ఉంది, తొమ్మిదో నెల. "నీ కాళ్ళకింద నిప్పులేమన్నా పోశారా అమ్మా? ఇవ్వాళ మూడో రొట్టె," అని నవ్వేది.

నవ్వదా మరి! ఓబులమ్మ చూసినవి సుంకమ్మ చూడలేదు కదా.

మొదట చూసింది కుక్కల్ని. పుష్యమాసపు చలిలో ఊరి కుక్కలన్నీ పాతర మూత మీదే ముడుచుకు పడుకునేవి. లోపల గింజ వెచ్చన, ఆ వెచ్చదనం మూతకి అందుతుంది. ఆ ఏడు ఒక్క కుక్క కూడా మూత మీదికి పోలేదు. అన్నీ కుమ్మరి ఆవం పక్కన చేరాయి. ఓబులమ్మ పోయి మూత మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది, బావిగట్టులా.

రెండోది, గాజులమ్మే ఖాదర్. పై ఊరినించి గాజుల మలారం భుజానేసుకుని వచ్చేవాడు. సుంకమ్మకి డజను గాజులు వేసి, "మూడు బిళ్ళలివ్వు అక్కా," అన్నాడు. "పోయిన ఏడు ఒక్క బిళ్ళే కదా!" అంది ఓబులమ్మ. ఖాదర్ సంచి విప్పి చూపించాడు. సంచి నిండా బిళ్ళలే. "ఎవరిని కదిపినా ఇవే రాలుతున్నాయి అక్కా. ఇన్ని జొన్నలు మీ ఊరు ఎప్పుడు పండించింది? నేను తిరగని ఊరు లేదు, నాకెక్కడా కనపళ్ళేదు," అన్నాడు. అని, తనే నవ్వేసి వెళ్ళిపోయాడు.

మూడోది, సుంకమ్మ పురిటికని మూడు బిళ్ళలు తీసుకుని జొన్నలకి పోతే, పాతర పెద్ద లింగప్ప ఒక్క తూమే కొలిచాడు. "మిగతావి పండగయ్యాక తీసుకుపో చెల్లెమ్మా," అన్నాడు. ఇంటికొచ్చి చేటలో పోసి చెరిగితే, గింజల మధ్య చొప్ప తునకలు. గోడలకి పేర్చిన చొప్ప, తల్లీ! పాతర అంచులు గీకితే గానీ అది గింజలో కలవదు.

ఓబులమ్మ చేట అక్కడే వదిలేసి వెనక్కి పరిగెత్తింది.

"లింగప్పన్నా, ఈ పున్నమికి మూత తీద్దాం," అంది.

లింగప్ప చెడ్డవాడు కాదు సుమా. చేతికి ఎముక లేని మనిషి. ఒక ఏడు ఎవరో పేదాయన బిడ్డ పెళ్ళికి బిళ్ళలు లేవంటే, గింజ పొయ్యకుండానే పది బిళ్ళలిచ్చాడు. ఆ పేదాయన పంట రాగానే గింజ పోసేశాడు. అప్పుడు లింగప్పకి ధైర్యమొచ్చింది. మరొకరికి ఇచ్చాడు, ఇంకొకరికి ఇచ్చాడు. గింజ అడగడానికి వచ్చేవాళ్ళు తక్కువ, బిళ్ళలు అడగడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. ఊళ్ళో మిద్దెలు లేచాయి, ఎద్దులు పెరిగాయి. లింగప్పని అందరూ దేవుడన్నారు. ఆ తర్వాత, లోపల ఊరికే ఉన్న గింజ కదా అని, బళ్ళకొద్దీ పై ఊరి వర్తకుడికి అమ్మాడు. వచ్చే పంటకి నింపేద్దాంలే అనుకున్నాడు. ఆ పంట రాలేదు.

ఇదంతా ఓబులమ్మకి అప్పటికి తెలియదు. "మూత తియ్యడమేంది చెల్లెమ్మా, తల్లిని కదపకూడదు, నీకు తెలియదా?" అన్నాడాయన. అన్నాడు గానీ ఆమె మొగం వైపు చూడలేదు.

అప్పుడు ఓబులమ్మ గుడికి పోయి పూజారి నాగలింగాన్ని అడిగింది. "అపచారం తల్లీ! వెండి కళ్ళు పెట్టిన మూతని గునపాలతో కెలుకుతారా? కళ్ళు పోతాయి," అని ఆయన చెవులు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో పెద్ద రైతు మద్దిలేటి దగ్గరికి పోయింది. బిళ్ళలతో నాలుగు ఎద్దులు కొని మిద్దె కట్టినవాడు. పదిమందిని పిలిచి మూత ఎత్తించగల బలం ఉన్నవాడు. మద్దిలేటి చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "అక్కా, ఉంటే ఉన్నట్టే కదా. మళ్ళీ చూడ్డమెందుకు? లేకపోతే..." అని ఆగిపోయాడు. "ఆ మాట నా నోట రానీకు. నా మిద్దెలో నన్ను ఉండనీ, పో అక్కా," అన్నాడు.

ముగ్గురినీ అడిగింది. ముగ్గురూ కాదన్నారు.

పున్నమికి ముందురోజు, తెల్లారగానే, ఓబులమ్మ వాకిట్లో బండి ఆగింది. బండి మీద బస్తాలు. పక్కన లింగప్ప, ఒక్కడే. ఒక్కరోజులో పదేళ్ళు పెరిగినట్టున్నాడు.

"నీ ఇంట్లో ఉన్నవి ఇరవై బిళ్ళలు. ఇవిగో ఇరవై తూములు, కొసరుతో సహా," అన్నాడు. "కూతురు నెలలు నిండిన మనిషి. నువ్వు దించుకో. రేపు కర్రని మూతకి తాకించి వచ్చెయ్యి. అంతే నేనడిగేది చెల్లెమ్మా."

అప్పుడు ఓబులమ్మకి అంతా అర్థమైంది. ఎంత ఖాళీయో తెలియదు గానీ, ఖాళీ అని తెలిసింది.

గుమ్మంలోంచి సుంకమ్మ చూస్తోంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, బస్తాల వైపే చూస్తోంది. ఇరవై తూములంటే ఎంతనుకున్నావు? ఆ ఇంటికి ఏడాది తిండి. బాలింతకి జావ, పుట్టేబిడ్డకి పాలు. ఓబులమ్మ ఒక బస్తా మీద చెయ్యి వేసింది. దించడానికే వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి! బస్తా వెచ్చగా ఉంది.

ఆ వెచ్చదనం చేతికి తగలగానే ఆమెకి వాళ్ళ అవ్వ గుర్తొచ్చింది.

ఊరికి పడమట నలభై ఇళ్ళ పునాదులు ఉండేవి. గోడల్లేవు, రాళ్ళే మిగిలాయి. వాటి మధ్య రేగుచెట్లు మొలిచాయి. పిల్లలు అక్కడ పళ్ళేరుకునేవారు. ఆ ఇళ్ళు ఎవరివని అడిగితే పెద్దవాళ్ళు మాట తప్పించేవారు. ఓబులమ్మకి పెళ్ళయిన ఏడు, వాళ్ళ అవ్వ పిలిచి చెవిలో చెప్పింది.

"వెనకటికి ఒకసారి పాతర ఇట్లాగే ఖాళీ అయిందే ఓబులూ. ముందు తెలిసింది మనింటికే. కొలకర్ర మన చేతిలోనే ఉండె కదా! మా అవ్వ ఎవరికీ చెప్పకుండా మనింటి గింజ తెచ్చేసుకుంది. బస్తాలు దించుతుంటే పక్కింటివాళ్ళు చూశారు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఊరంతా మెట్ట మీద ఉంది. బలమున్నోడు తోసుకున్నాడు, లేనోడు కిందపడ్డాడు. ఆ ఏడాది వంద పొయ్యిల ఊరు అరవై పొయ్యిల ఊరయింది. మనం బతికాం. కానీ మా అవ్వ ఆ తర్వాత ఒక్కపూటా కడుపునిండా తినలేదు. పిల్లలకి ఒక ఆట నేర్పి, పాట కట్టి, చచ్చిపోయింది."

ఆ పాట ఊళ్ళో ప్రతి పిల్లకీ వచ్చు. పాతర ఆట అనేవారు. ఎందుకు ఆడుతున్నారో ఎవరికీ తెలియదు. ఒక పిల్ల మధ్యలో గుండ్రంగా కూచుంటుంది, అది పాతర. మిగతావాళ్ళు ఇంటికొకరు చొప్పున చేతులు పట్టుకుని చుట్టూ తిరుగుతారు.

మూత తియ్యి, మొగం చూడు,
దివ్వె దించు, ఆరనీ.
కర్ర ముంచు, కట్లు ఎంచు,
చెయ్యి చెయ్యి పట్టనీ.
ముందు వచ్చిన మొనగాడికి కాదమ్మా,
మూడు రాళ్ళ పొయ్యి పొయ్యికీ పెట్టనీ.

ఓబులమ్మ బస్తా మీంచి చెయ్యి తీసేసింది.

"బస్తాలు దించొద్దన్నా," అంది. "ఎద్దుల్ని తోలుకుపో. బండి ఇక్కడే ఉండనీ."

"అమ్మా!" అంది గుమ్మంలోంచి సుంకమ్మ.

"లోపలికి పోవే. చలిగాలి," అంది ఓబులమ్మ. ఆ రోజంతా ఆమె ఇంట్లోకి, బండి దగ్గరికి, మళ్ళీ ఇంట్లోకి తిరుగుతూనే ఉంది. రొట్టెలు సుంకమ్మే కాల్చింది.

పున్నమి వచ్చింది. డప్పులు మోగాయి. పసుపు పూసిన కొలకర్రని ఎత్తుకుని ఓబులమ్మ ముందు నడిచింది, ఊరంతా వెనక నడిచింది. కర్రని మూతకి తాకించాల్సిన చోట ఆమె ఆగింది. పాతరమ్మ వెండి కళ్ళకి చేతులెత్తి మొక్కింది. ఆ తర్వాత ఆ మూత మీదే కూచుంది.

డప్పులు ఆగిపోయాయి.

"లే తల్లీ, లే!" అన్నాడు పూజారి నాగలింగం.

"లేవను. మూత తీస్తామంటే లేస్తా."

"అమ్మవారి మీద కూచుంటావా?"

"అయ్యా, అమ్మ మూతలో ఉందా, గింజలో ఉందా? గింజలోనే ఉంటే, ఏడాదికొక్కసారైనా ఆమె మొగం చూడొద్దా? పిల్లలు రోజూ పాడేది అదేగా, మూత తియ్యి, మొగం చూడు అని. తప్పయితే పోయే కళ్ళు నావి."

మొగం చూడాలనేసరికి ఆడవాళ్ళంతా "అవునవును, చూద్దాం" అన్నారు. పండగపూట తల్లి దర్శనం ఎవరికి చేదు! పదహారుమంది ముందుకొచ్చారు. గునపాలు పడ్డాయి. మెత్తిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. మూత కీచుమంటూ పక్కకి జరిగింది.

ఓబులమ్మ మట్టి ప్రమిదలో దీపం వెలిగించి, తాడు కట్టి లోపలికి దించింది. అందరూ వంగి చూశారు. దీపం కిందికి పోయింది, ఇంకా కిందికి పోయింది. నిశ్చలంగా, చక్కగా, పచ్చగా వెలుగుతూనే ఉంది.

"ఆరలేదు! దీపం ఆరలేదు! శుభం!" అని జనం చప్పట్లు కొట్టారు. పూజారి మొగం కూడా విప్పారింది.

ఓబులమ్మ తాడు ఇంకో మూర వదిలి చూసింది. దివ్వె దించు, ఆరనీ. ఆరాలి కదా! నిండు పాతరలో గింజ ఊపిరి తీస్తుంది తల్లీ. ఆ ఊపిరి బరువుగా లోపలే నిలిచిపోతుంది. అందులోకి దీపం దిగితే ఠక్కున ఆరిపోతుంది. అందుకే పెద్దలు దీపం ఆరకుండా ఉంటే గానీ మనిషిని దిగనిచ్చేవారు కాదు. ఇక్కడేమో దీపం హాయిగా వెలుగుతోంది. గింజ లేదు, ఊపిరి లేదు, ఉన్నదంతా వట్టి గాలి.

అప్పుడు ఆమె కర్ర దించింది. ఒక కట్టు మునిగింది. రెండు మునిగాయి. చప్పట్లు సన్నగిల్లాయి. మూడు, నాలుగు. అయిదు. ఆరో కట్టు మునిగాక కర్ర ఆగింది.

"తొమ్మిదింట మూడు పాళ్ళే ఉంది," అంది ఓబులమ్మ.

ఆ మాట చెప్పి ఊపిరి తీసేలోపే మద్దిలేటి మొలలోంచి బిళ్ళల మూట లాగాడు. "నావి రెండొందలు! ముందు నావి కొలవండి!" అని అరిచాడు. అంతే. ఊరంతా ఒక్కసారి కదిలింది. గోనెలు తేవడానికి కొందరు పరిగెత్తారు. కొందరు లింగప్ప పంచె పట్టుకున్నారు. ఎవరో ముసలామె కిందపడింది. మద్దిలేటి మనుషులు భుజాలతో తోసుకుంటూ పాతర నోటి మీదికి వచ్చేస్తున్నారు.

ఓబులమ్మ గొంతు పెద్దది కాదు. అయినా ఎత్తింది. మాట కాదు, పాట ఎత్తింది.

"మూత తియ్యి, మొగం చూడు..."

పిల్లలకి పాట వినపడితే చాలు కదా! జాతరలోంచి, చెట్లమీంచి, అమ్మల కొంగుల్లోంచి పరిగెత్తుకొచ్చారు. "దివ్వె దించు, ఆరనీ!" అంటూ చేతులు పట్టుకున్నారు. ఇంటికొకరు. పాతర నోటి చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. పిల్లలు లేని పుల్లమ్మవ్వ కర్ర ఊతంతో వచ్చి, "మా ఇంట్లో పిల్లని నేనే," అని మధ్యలో దూరింది.

మద్దిలేటి ఎదురుగా ఉన్నది అతని సొంత కూతురే. ఏడేళ్ళది. "నాయనా, నన్ను తొక్కుతావా?" అంది. ఆటలో తోసుకొచ్చినవాళ్ళని అలాగే అడుగుతారు. ఆ పిల్ల ఆటలాగే అడిగింది.

మద్దిలేటి ఎత్తిన కాలు కిందికి దించాడు.

వలయంలో ఒక్కచోట సందు మిగిలింది. ఓబులమ్మ ఇంటిది. ఆ ఇంట్లో చిన్నపిల్లలు లేరు. ఒకరిద్దరు ఆ సందులోంచి దూరబోయారు. అప్పుడు బండి చప్పుడయింది. పక్కింటి ఎద్దుల్ని కట్టి, ఇరవై తూముల బస్తాల బండి తోలుకుంటూ, ఆయాసపడుతూ, సుంకమ్మ వచ్చింది. అంత కడుపుతో! బండి దిగి, సందులో నిలబడి, ఒక చెయ్యి ఇటుపక్క పిల్లకిచ్చింది, ఒక చెయ్యి అటుపక్క పిల్లకిచ్చింది.

"మా ఇంటి పిల్ల ఇదిగో," అని పొట్ట చూపించింది. "మా ఇంటి గింజ అదిగో. ముందు దాన్ని కలపండి, ఆ తర్వాత పంచండి."

ఓబులమ్మ కూతురి మొగం చూసింది. కొంగుతో మొగం తుడుచుకుని, మొదటి బస్తా మూతి విప్పింది.

అప్పుడు గొడవ అణిగింది. బిళ్ళలు లెక్కపెడితే రెండువేల పైచిలుకు తేలాయి, గింజేమో మూడొందల తూములు. బిళ్ళల ప్రకారం పంచితే మద్దిలేటికి పుట్లు, పుల్లమ్మవ్వకి పిడికెడు. అందుకని పాటలో ఉన్నట్టే పంచారు. పొయ్యికి అయిదు తూములు. మిద్దెకీ అయిదే, గుడిసెకీ అయిదే. ఓబులమ్మ తెచ్చిన ఇరవై ఉన్నాయి కనక అరవై పొయ్యిలూ అయ్యాక కూడా కాస్త మిగిలింది.

గాజుల ఖాదర్ సంచెడు బిళ్ళలు పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. "నా పొయ్యి మీ ఊళ్ళో లేదే అక్కా," అన్నాడు, నవ్వుదామని చూసి నవ్వలేక.

"మూడు రాళ్ళు తెచ్చి ఇక్కడే పెట్టు. ఇవ్వాళ్టికి నువ్వు అరవై ఒకటో పొయ్యివి," అంది ఓబులమ్మ. మద్దిలేటే వెళ్ళి ఆ రాళ్ళు తెచ్చాడు.

లింగప్ప ఎవరూ కొట్టకముందే తల కిందపెట్టుకుని కూచున్నాడు. "మూత వేసి ఉంటే నాకూ నిండుగానే ఉన్నట్టు అనిపించేది చెల్లెమ్మా," అన్నాడు. ఆ తర్వాత తన ఎద్దులు, తన భార్య కడియాలు అమ్మి, ఊరూరా కాళ్ళరిగేలా తిరిగి ఇరవై తూములు కొనుక్కొచ్చాడు. అమ్మిందానికి అది చాలదని అందరికీ తెలుసు. అయినా పోయించుకున్నారు.

ఆ ఏడు ఎవరూ కడుపునిండా తినలేదు. జావలు పల్చబడ్డాయి. తుమ్మికూర తిన్నారు, గడ్డలు తవ్వుకు తిన్నారు. మద్దిలేటి రెండు ఎద్దులు పోగొట్టుకున్నాడు. కానీ కొర్ర కంకి తలవంచేనాటికి ఊళ్ళో అరవై పొయ్యిలూ వెలుగుతూనే ఉన్నాయి. పడమటి దిక్కున పాడుబడ్డ పునాదులకి కొత్తది ఒక్కటీ చేరలేదు.

ఆ తర్వాత ప్రతి మాఘ పున్నమికీ మూత తీశారు. వెండి కళ్ళు మూతమీంచి తీసి కొలకర్రకి పెట్టారు, తల్లే లోపలికి దిగి చూసి వస్తుందని. పాతర మళ్ళీ నిండడానికి ఏడేళ్ళు పట్టింది. ఏడో ఏడు ఓబులమ్మ తాడు పట్టుకుని దీపం దించింది. దీపం రెండు మూరలు దిగి, రెపరెపలాడి, ఠక్కున ఆరిపోయింది.

ఊరు ఊరంతా ఎగిరి గంతేసింది! దీపం ఆరితే పండగ చేసుకునే ఊరు ఆ చుట్టుపక్కల అదొక్కటే.

ఓబులమ్మ మాత్రం అప్పుడు కూడా కుదురుగా కూచోలేదంట. వెనక ఎవరో కుర్రవాళ్ళు అనుకోవడం ఆమె చెవిన పడింది. "నిండిపోయిందిగా, ఇంక ఏటా ఎత్తాలా ఈ బరువు?" అని. ఆమె వెంటనే పిల్లలందర్నీ పిలిచి, మళ్ళీ మొదటినించి పాట నేర్పింది. సుంకమ్మ కూతురు ఆరేళ్ళది, అందరికన్నా గట్టిగా అరిచి పాడింది. పొట్టలోనే వలయంలో నిలబడ్డ పిల్ల కదా!

ఆ పిల్లే మా అవ్వకి అవ్వ. లోపలికి పెట్టి చూసే ఆ చెయ్యి మా అవ్వకొచ్చింది, మా అమ్మకొచ్చింది, నాకొచ్చింది. అందుకే రోజూ మోచేతిదాకా పెట్టి చూస్తాను, పైన కనిపిస్తున్నా సరే. అడుగు తగిలితే ఆరోజు కొట్టుకి పోతాను. తగలకపోతే నీకు కథ చెబుతాను.

ఏంటీ, నీ చెయ్యి కూడా పెట్టి చూస్తావా? పొద్దున చూద్దువు గానీ. భుజందాకా పడుతుంది నీకు. ఇప్పుడు కళ్ళు మూసుకుని నాతో అను.

గింజ గింజ పాతరలోకి,
మూత మన్ను చేలోకి,
కథ నడిచి నడిచి కంచిలోకి,
మనం పాకి పాకి దుప్పట్లోకి.